కాలు కాలిన పిల్లికి మందు రాసిందెవరు?

పిల్లికి కాలు కాలిన సంగతి మన భాషకు ఎప్పటి నుంచో తెలుసు. పెళ్లింట్లో మేనమామ గదిగదికీ తిరిగినా, ఓట్ల లెక్కింపు నాడు అభ్యర్థి వరండాలో పచార్లు చేసినా "కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు" అనేస్తాం. ఆ కాలు ఎవరు కడిగారు, ఏ మందు రాశారు, పిల్లి ఎన్నాళ్లకు కుంటకుండా నడిచింది అన్న వివరాలు మాత్రం ఏ సామెతలోనూ కనిపించవు. ఇది పూర్వీకుల లోపమని నేననను. గాయపడిన పిల్లి చుట్టూ నిలబడి సలహాలు చెప్పడం పెద్దమనుషుల బాధ్యత అనీ, దాన్ని ముట్టుకోవడం మరెవరి పనో అనీ వారు సరిగ్గానే గ్రహించారు. ఈ ప్రాచీనమైన ఏర్పాటుకు హనుమకొండలో ఒక పెంపుడు జంతువుల క్లినిక్‌లో పనిచేసే అమ్మాయి వల్ల భంగం కలుగుతున్నందున, సలహాదారులందరి పక్షాన ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

ముందుగా పరిపాలనా కోణాన్ని పరిశీలిద్దాం. 2019 నాటి 20వ పశుగణనలో తెలంగాణ గొర్రెలు సుమారు 1.90 కోట్లని తేలి, మన రాష్ట్రం దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ గణనలో కుక్కలున్నాయి, గాడిదలున్నాయి, చివరికి కుందేళ్లకు కూడా ఒక గడి కేటాయించారు. పిల్లికి గడి లేదు. లెక్కలో లేని జీవికి కాలు విరగడమన్నది పరిపాలనాపరంగా అసాధ్యం కాబట్టి, అలా విరిగిన కాలికి కట్టు కట్టే మనిషికి ఒక హోదా లేకపోవడంలో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. మామునూరు పశువైద్య కళాశాలలో డాక్టర్లు తయారవుతారు. పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లలో చదివిన డిప్లొమా వారుంటారు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం, డాక్టరు పర్యవేక్షణలో ఇలాంటివారు "చిన్న పశువైద్య సేవలు" చేయడానికి దారి ఇచ్చింది కూడా. "వెటర్నరీ నర్సు" అనే మాట మాత్రం మన కాగితాల్లో ఎక్కడా స్థిరపడలేదు. బ్రిటన్‌లో 1961లోనే ఈ పనికి శిక్షణ మొదలైంది గాని, నర్సు అనే పేరు మనుషులకు సేవ చేసేవారిదేనని చట్టం ఉండటంతో, 1984 దాకా వారిని "యానిమల్ నర్సింగ్ ఆక్సిలరీ" అని పిలిచారు. మనం అంత దూరం పోలేదు. మన అమ్మాయి జీతాల పుస్తకంలో "హెల్పర్" అని ఒక్క మాట రాసి ఊరుకున్నాం.

ఇక అసలు సంఘటన. డిసెంబరులో ఒక రాత్రి మా వీధి మలుపు దగ్గర ఒక ద్విచక్ర వాహనం మా చారల పిల్లిని గుద్దింది. దానికి రోజూ ఇంత అన్నం పెట్టే పెద్దమ్మ దాన్ని గంప కింద మూసి, మమ్మల్ని పిలిచింది. ఐదు నిమిషాల్లో ఒక వైద్య మండలే ఏర్పడింది. ఒకాయన పిడికెడు పసుపు తెచ్చారు. మరొకరు గిన్నెలో పాలు తెచ్చారు. డెట్టాల్ సీసా కూడా వచ్చింది. విశ్రాంత ఉద్యోగినైన నేను, పెద్దరికానికి తగ్గట్టుగా, జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ గోలిని సగానికి విరిచి సిద్ధంగా పట్టుకున్నాను. పిల్లి గుర్రుగుర్రుమంటున్నది కనుక సంతోషంగానే ఉందని ఏకగ్రీవంగా తీర్మానించాం. చీకట్లోనే ఆపిల్ అట్టపెట్టెలో పెట్టి ఆటోలో ఎక్కించింది పెద్దమ్మే అయినా, ఆటోవాడికి దారి చెప్పింది మేమే.

క్లినిక్‌లో డాక్టరుగారు మరో గదిలో ఒక కుక్కకు కుట్లు వేస్తున్నారు. ఈ అమ్మాయి పెట్టెను తీసుకొని, కుక్కలు కూర్చున్న వైపు కాకుండా లోపలి గదిలో ఒక బల్ల మీద పెట్టి, పైన పాత దుప్పటి కప్పింది. మూత కొంచెం మాత్రమే తెరిచి, ముట్టుకోకుండా, గోడ గడియారం వైపు చూస్తూ పావు నిమిషం పాటు పిల్లి పక్కటెముకల కదలికను లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించింది. ఊరుకున్న పిల్లి నిమిషానికి ఇరవై, ముప్పై సార్లు ఊపిరి తీస్తుందట. నోరు తెరిచి రొప్పితే మాత్రం ఇంకేదీ చూడకుండా ఆక్సిజన్ పెట్టాలట. తర్వాత పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలి, తెల్లబడిన చోటు ఎంతసేపటికి గులాబి రంగుకు వచ్చిందో చూసింది. అప్పుడు మా వైపు తిరిగి అడగకూడని ప్రశ్న అడిగింది.

"ఏమన్న మింగిచ్చిన్రా సారూ?"

ఏమీ లేదన్నాను. అది నిజమే, గోలి ఇంకా నా చొక్కా జేబులో ఉంది.

"మనుషుల జ్వరం గోలి పిల్లికి విషం సారూ. దాని కార్జానికి అది అరగదు, నెత్తురు గోధుమ రంగుకు తిరుగుతది. ఒక్క గోలికే పానం పోతది."

ఇంతటి అవమానాన్ని నలుగురి ఎదుట భరించినవారి పక్షాన ఒక్క సంఘమైనా లేకపోవడం విచారకరం. పసుపును ఆమె సెలైన్‌తో కడిగేసింది, పుండు లోతు కనపడాలట. డెట్టాల్ పిల్లికి పనికిరాదట. మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక పాలు వద్దట. తరతరాల విజ్ఞానం పది నిమిషాల్లో మోరీలో కలిసింది.

మెడ వెనక తోలు పట్టి ఎత్తడం పిల్లిని లొంగదీసే ఏకైక మార్గమని మనకు తెలుసు. ఆమె అలా పట్టలేదు. ఒక తువ్వాలును బల్ల మీద పరిచి, పిల్లిని అట్టముక్కతో సహా దాని మీదికి జరిపి, ఒక కొసను మెడ చుట్టూ, రెండో కొసను పొట్ట మీదుగా తెచ్చి, రొట్టెను చుట్టినట్టు చుట్టేసింది. గాయమైన వెనక కాలు ఒక్కటే బయట మిగిలింది. త్రాసు మీద మూడు కిలోల రెండు వందల గ్రాములని రాసింది. నొప్పి మందు ఆ బరువును బట్టే డాక్టరు కొలుస్తారట. నొప్పి ఎంతో చూడటానికి పిల్లి ముఖానికి మార్కులు కూడా వేసింది. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల వాలు అనే ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేసే ఈ పద్ధతిని 2019లో కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించారు. గుర్రుగుర్రుమనడానికి అందులో మార్కు లేదు. నొప్పితో ఉన్న పిల్లి కూడా అలా గుర్రుమంటుందట. మా ఏకగ్రీవ తీర్మానం అలా రద్దయింది.

పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్న ప్రశ్నకు శతాబ్దాలుగా జవాబు లేదని మనం గర్వంగా చెప్పుకుంటాం. డాక్టరుగారు ఆపరేషను చేసి కుట్లు వేశాక, ఈమె ఒక పాత ఎక్స్‌రే ఫిల్మును గరాటులా చుట్టి, అంచుకు ప్లాస్టర్ వేసి, కుట్లు నాకకుండా పిల్లి మెడకు కట్టేసింది. ఆ ఫిల్ములో ఎవరివో మోకాలి చిప్పలు కనిపిస్తున్నాయి.

తర్వాతి మూడు రోజుల సంగతి మరీ అన్యాయం. పిల్లి ఉచ్చ పోసిందా లేదా అన్నది గంటతో సహా రాసుకున్నది. బండి గుద్దిన పిల్లికి మూత్రాశయం పగిలి ఉండవచ్చట. తిండి ముట్టకపోతే, కొన్ని రోజుల్లోనే కార్జానికి కొవ్వు పడుతుందని, చేప ముక్కలను గోరువెచ్చగా చేసి వాసన చూపించింది. డాక్టరు చేసిన ఆపరేషనుకు రసీదు ఉంది. ఈ వాసన చూపించడానికి ఏ రసీదులోనూ వరుస లేదు.

కాబట్టి ఆమె మీద ఫిర్యాదు రాశాం. సంబంధిత కార్యాలయంలో గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, అటువంటి పోస్టు లేదు కనుక ఆ పోస్టులో ఉన్నవారి మీద ఫిర్యాదు తీసుకోలేనని, పిల్లి కూడా లేదు కనుక "ఇతరములు" కింద మళ్లీ రాసి తెమ్మని తిప్పి పంపారు.

కుట్లు విప్పే రోజు పెద్దమ్మ సకినాల డబ్బాతో, నేను అందరి సంతకాలున్న ఆ ఫిర్యాదు కాగితంతో క్లినిక్‌కు వెళ్లాం. ముందుగా ఆమె చేతనే చదివించి, తర్వాత బహిరంగంగా ప్రకటించాలన్నది నా ఉద్దేశం. ఆమె బల్ల మీద పిల్లిని చుడుతూ తలెత్తకుండానే, "సారూ, జర గీ కొస పట్టుకోండ్రి, గట్టిగ కాదు" అన్నది. కాగితాన్ని జేబులో, ఆ సగం గోలి పక్కన పెట్టి, రెండు చేతులతో తువ్వాలు పట్టుకున్నాను.