అరువు సొత్తు అప్పగించండి!

భాషాశుద్ధి దగ్గర నేను రాజీపడను. కాబట్టి ఇంగ్లీషువారు తమ దగ్గరున్న పరాయి సొత్తును, అంటే అరువు మాటలను, తక్షణం అప్పగించాలని డిమాండ్ చేస్తున్నాను.

కేసు పూర్వాపరాలివి. 793లో ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచిన వైకింగులు, అంటే స్కాండినేవియా సముద్రపు దొంగలు, 865లో పెద్ద దండుగా దిగి, చివరికి పొలాలు పంచుకుని కాపురాలే పెట్టేశారు. 991లో 10,000 పౌన్ల వెండి పట్టుకుపోయారు. 1018లో ఇంగ్లండ్ గద్దెనెక్కిన డెన్మార్క్‌వాడు కనూట్ రాజు ఏకంగా 72,000 పౌన్లు గుంజాడు. వెండి పడవలెక్కింది, మాటలు మాత్రం ఇంగ్లండ్‌లోనే ఉండిపోయాయి. దోపిడీకి గురైన ఇంట్లోనే దొంగల సామాను దొరకడం ఏ పోలీసుకైనా కొత్తే.

నైఫ్, స్కై, యాంగర్, హజ్బెండ్ అన్నీ నార్స్‌వారివే, అంటే ఆ వైకింగుల భాషవే. ఇల్లు గుల్ల చేసే ‘రాన్‌సాక్’ కూడా! షర్టు ఇంగ్లీషువారి సొంతమే, దాని తోబుట్టువు స్కర్టు మాత్రం అటుది. జప్తుకు వెళ్ళే అమీనా జాగ్రత్తగా చూసుకోవాలి. ‘దే’, ‘దెమ్’ సంగతి చెప్పడానికే సిగ్గేస్తోంది. పొరుగింటి నుంచి చింతపండు తెచ్చుకోవచ్చు గానీ, సర్వనామాలా?

సాక్ష్యం కావాలా? ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టిన కాక్స్‌టన్ 1490లో రాశాడు. గాలి లేక థేమ్స్‌లో ఆగిన వర్తకుల్లో ఒకడు ఓ ఇంటికెళ్ళి ‘ఎగ్స్’ అడిగాడట. ఆ ఇల్లాలు “నాకు ఫ్రెంచి రాదు” అంది. తనకూ రాదని అతగాడికి ఒళ్ళు మండింది. ఇంకొకడు ‘ఐరెన్’ అన్నాక గానీ ఆమెకు అర్థం కాలేదు. ఐరెన్ ఇంగ్లీషువారి సొంత గుడ్డు, ఎగ్ నార్స్ గుడ్డు. గెలిచింది రెండోది. మన బేకరీల్లో ఎగ్ పఫ్‌కీ, బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి ఆపుకునే విండో సీటుకీ ఆ దండే మూలమని మనవి.

కోర్టుకెళ్దామంటే ‘లా’ కూడా నార్స్‌వారిదే. జప్తు చేయాల్సిన పుస్తకంతోనే ముద్దాయి మీద వాదించాలి.

పోనీ, సరుకంతా కట్టి స్కాండినేవియాకు పంపుదామా? వాళ్ళ ఇల్లూ అంతే. హన్సా అనే ఉత్తర జర్మనీ వర్తక సంఘంవాళ్ళు దిగినప్పటి నుంచి స్వీడన్‌వారి మాటల్లో బోలెడు సామాను జర్మన్ రేవుపట్నం లుబెక్ వైపు జర్మన్‌దే. ఇంగ్లీషువారికి ‘విండో’ ఇచ్చిన భాషాకుటుంబమే స్వీడన్‌లో కిటికీకి ‘ఫోన్‌స్టర్’ బిగించుకుంది. అదీ జర్మన్‌ల మీదుగా వచ్చిన లాటిన్ కిటికీ. హన్సా సంఘం ఆఖరి సమావేశం 1669లో జరిగింది. డెలివరీ తీసుకుని సంతకం పెట్టేదెవరో తేలేదాకా పార్సిళ్ళు కట్టొద్దని మనవి.