ఏ నర్సింహ, తమ్మీ?

ఈ దేశంలో సక్రమంగా పనిచేసే వ్యవస్థ ఒక్కటైనా మిగిలి ఉందంటే, అది క్రెడిట్ కార్డు బాకీల వసూలు వ్యవస్థేనని నా గట్టి నమ్మకం. రేషన్ కార్డులో కొత్త కోడలి పేరు ఎక్కాలంటే ఆమెకు పిల్లలు పుట్టి బడికి పోయేదాకా ఆగాలి. పాసు పుస్తకంలో సర్వే నంబరు తప్పు పడితే తహసీల్దారు ఆఫీసు గడప అరగాలి. అదే కార్డు బిల్లు ఒక్క నెల తప్పనివ్వండి. మీతో మాటలు బందైన మీ తోడల్లుడి కొత్త నంబరు మీ దగ్గర ఉండదు, రికవరీ వాళ్ల దగ్గర ఉంటుంది.

అందుకని తప్పిపోయిన మనుషుల కేసులన్నీ పోలీసుల దగ్గర్నుంచి తీసి ఈ ఏజెన్సీల చేతిలో పెట్టాలనీ, జనగణన కూడా వీళ్లకే గుత్తకు ఇవ్వాలనీ ప్రభుత్వానికి సవినయంగా మనవి చేస్తున్నాను. చిన్న ఇబ్బంది ఒకటుంది. వీళ్లు మనిషిని పట్టుకుంటారు గానీ, పట్టుకున్నది బాకీ ఉన్న మనిషినేనా అన్న చాదస్తం వీళ్లకు లేదు.

మా ఉమ్మడి నల్లగొండ జిల్లా సంగతి తెలియని వాళ్ల కోసం ఒక మాట. పైన యాదగిరిగుట్ట, కింద కృష్ణ ఒడ్డున వాడపల్లి, మట్టపల్లి. మూడు చోట్లా కొలువై ఉన్నది లక్ష్మీనరసింహస్వామే. కాబట్టి ఇంటికొక నర్సింహ, నర్సింహ లేని ఇంట్లో యాదగిరి, ఇద్దరూ లేకపోతే యాదమ్మ. ముందుముందు కంప్యూటరనేది ఒకటి వస్తుందని, అది పేరు చూసి మనిషిని పోలుస్తుందని మొక్కు తీర్చుకున్న ఆ తల్లిదండ్రులకు తెలియదు పాపం. ఇక పుట్టిన తేదీల సంగతి మరీ దివ్యం. బడిలో వేసేనాడు హెడ్మాస్టరు పిల్లవాడిని ఎగాదిగా చూసి తనకు తోచిన తేదీ రాసుకున్నాడు. బడి ముఖం చూడని వాళ్లు ఆధార్ క్యాంపులో ఏ సంవత్సరమో చెబితే, ముందు జనవరి 1 తగిలించారు. ఆ లెక్కన డిసెంబరు 31 రాత్రి మా జిల్లాలో మంత్రసానులకు కంటిమీద కునుకు ఉండి ఉండదు.

ఇలాంటి జిల్లాలో పుట్టి పట్నం పోయిన ఒక నర్సింహ ఏదో షాపింగ్ మాల్‌లో, బ్యాగు ఉచితం అంటే ఆగి, కార్డు తీసుకున్నాడు. కొన్నాళ్లు మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన ముక్క, కట్టాడు, తర్వాత అదీ మానేశాడు. ఆయన తిప్పలు ఆయనవి. బ్యాంకు వాళ్లు ఆ బాకీ వివరాలు, ఎవరు అప్పు ఎట్లా కడుతున్నారో లెక్క రాసుకునే క్రెడిట్ బ్యూరోకు పంపేటప్పుడు పదక్షరాల పాన్ నంబరులో ఒక అంకె అటుదిటు అయింది. పేరు కలిసింది, తేదీ కలిసింది, ఊరు కలిసింది. ఇంకేం కావాలి? కార్డు ఎట్లుంటదో చేత్తో పట్టుకుని చూడని మా గల్లీ మోటర్ నర్సింహ ఫైలులో ఆ బాకీ వచ్చి కూర్చుంది.

కూర్చున్నాక వసూలుకు మనిషి రావాలి కదా. వచ్చాడు.

గడియారం సెంటర్ వెనక గల్లీలో మేం చాయ్ తాగే హోటల్ ముందు బండి ఆపి, హెల్మెట్ తియ్యకుండానే అడిగాడు.

"నర్సింహ ఇల్లెక్కడన్నా?"

"ఏ నర్సింహ, తమ్మీ?"

"తండ్రి పేరు లింగయ్య."

హోటల్ మొత్తం నవ్వింది. నర్సింహల కంటే మాకు లింగయ్యలే ఎక్కువ. గల్లా దగ్గర కూర్చున్న కాకా ఓపిగ్గా వరస చెప్పాడు. "కరెంటు నర్సింహ ఉన్నడు, పాల నర్సింహ ఉన్నడు, బత్తాయి నర్సింహ గీన్నే కూసున్నడు. ఏ నర్సింహ గావాలె?"

"క్రెడిట్ కార్డు నర్సింహ."

"గాయన మా గల్లీల లేడు బిడ్డా."

పిల్లవాడు ఫోన్ తీసి చూసుకున్నాడు. "డేట్ ఆఫ్ బర్త్ జనవరి ఒకటి" అన్నాడు, ఇక తప్పించుకోలేరన్నట్టు. నాలుగు బల్లల మీది నుంచి నాలుగు చేతులు లేచాయి. కాకాది జనవరి ఒకటే, కాకా భార్యదీ జనవరి ఒకటే. ఆ రోజు పొద్దున ఇద్దరికీ ఒకేసారి బ్యాంకు నుంచి కేకు బొమ్మ వస్తుంది.

"గది సరే గానీ, నీ కార్డేది?" అన్నాడు కాకా. రికవరీకి వచ్చినవాడు గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం వెంట తెచ్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2008లోనే చెప్పింది. అదంతా కాకాకు తెలిసి అడగలేదు. కొత్తవాళ్లెవరొచ్చినా ఆయన అదే అడుగుతాడు. పిల్లవాడు ఫోన్‌లో ఒక కాగితం ఫోటో చూపించాడు. అందులో అతని పేరు లేదు, ఫోటో లేదు. ఎర్రక్షరాలతో 'లీగల్ డిపార్ట్‌మెంట్' అని మాత్రం ఉంది.

"అంటే నువ్వు లాయర్‌వా?"

"లాయర్ లెక్కనే."

తర్వాత పైవాడికి ఫోన్ కలిపాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది కాబట్టి మేమూ విన్నాం. ఇక్కడ చాలామంది నర్సింహలున్నారు సార్ అంటే, అవతలి గొంతు క్షణం కూడా ఆలోచించలేదు. "ఎవరో ఒకల్ల తోటి కట్టియ్యి. ఎవరు కట్టినా క్లోజ్ అయితది."

ఇంత ఉదారమైన మాట నేను బ్యాంకింగ్ రంగంలో ఎప్పుడూ వినలేదు. బత్తాయి నర్సింహకు అప్పుడు ఉత్సాహం వచ్చింది. మనిషి మార్కెట్‌లో దళారీ, బేరం వినబడితే ఊరుకోలేడు. "ఎంతున్నది బాకీ?" అన్నాడు. రూ. 86,000. "ఒక్కటే మాట, ఎంతకు ఇడుస్తవ్?" ఫోన్‌లో గొంతు స్పెషల్ ఆఫర్ అంది, ఈ నెలాఖరు వరకే అంది, 50 దగ్గర మొదలుపెట్టింది. చాయ్ చల్లారకముందే బత్తాయి నర్సింహ దాన్ని 11 వేలకు దింపాడు. చుట్టూ ఉన్నవాళ్లు భుజం తట్టారు. పిల్లవాడు యూపీఐ స్కానర్ తీశాడు. బత్తాయి నర్సింహ మీసం తుడుచుకుని, "మంచిది. ఆ నర్సింహ కనబడితే జెప్త" అని లేచి వెళ్లిపోయాడు.

తనది కాని 86 వేల బాకీని ఒక మనిషి పది నిమిషాల్లో 11 వేలు చేశాడంటే, మిగతా 75 వేలు ఏమిటన్నది ఆర్థికవేత్తలు తేల్చాలి. నాకు తెలిసినంత వరకు అది మిత్తి, మిత్తి మీద జీఎస్టీ, లేటు ఫీజు, దాని మీద జీఎస్టీ. ఊళ్లో నూటికి మూడు రూపాయల మిత్తి తీసుకునేవాడిని రక్తం పీల్చేవాడంటాం, చాటుగా శాపనార్థాలు పెడతాం. చాలా కార్డుల మీద నెలకు నూటికి మూడున్నర, ఆ పైన కూడా పడుతుంది. ఆ కార్డుకు బంగారు రంగు వేసి ప్రీమియం అంటాం. ఏడాదికి 30 శాతం దాటి తీసుకోవడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో అన్నది. ఆ మాట చెల్లదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఊరి షావుకార్లు నిరుత్సాహపడనవసరం లేదు. ఒక యాప్ చేయించుకుంటే చాలు, గౌరవం అదే వస్తుంది.

మోటర్ నర్సింహ ఆ రోజు హోటల్‌లో లేడు. షాపులో బోరు మోటరు విప్పి రాగితీగ చుడుతున్నాడు. తన మీద బాకీ ఉందని ఆయనకు తెలిసింది ఏజెంటు వల్ల కాదు, బిడ్డ చదువు లోన్‌కు కో-అప్లికెంటుగా సంతకం పెట్టడానికి పోయినప్పుడు. కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ వైపు చూసి, ఆయన వైపు చూసి, "సిబిల్ లేదు అంకుల్" అన్నది. దేశంలో ఇలాంటి బ్యూరోలు నాలుగున్నాయి గానీ మనకు నాలుగూ సిబిలే. ఇక ఆ మార్కుల పద్ధతి: 300 నుంచి 900. ఎంత ఎగ్గొట్టినా 300కు తగ్గరు. ఎవరిదో ఎగవేత తగిలిన మోటర్ నర్సింహకు ఐదు వందల చిల్లర వచ్చాయి. పదో తరగతిలో కూడా అన్ని రాలేదని ఆయన మొదట సంతోషించాడు.

తప్పు దిద్దమని బ్యూరోకు రాశాం. బ్యాంకు ధ్రువీకరించనిదే మేం అక్షరం కూడా మార్చలేం అన్నారు. సబబే. బ్యాంకుకు పోయాం. మా రికార్డు ప్రకారం సరిగ్గానే ఉందన్నారు. ఆ రికార్డే తప్పు మహాప్రభో అంటే, తప్పయితే రికార్డులో ఉండేది కదా అన్నారు. ఈ తర్కానికి నేను సాష్టాంగపడ్డాను. బాకీ పడ్డట్టు మెసేజ్ పంపాం కదా, అప్పుడెందుకు చెప్పలేదు అని కూడా అడిగారు. పంపారు, పట్నం నర్సింహ ఫోన్‌కు. చివరికి మేనేజరు గుట్టు విప్పాడు. ఆ ఖాతాను ఎప్పుడో రైటాఫ్ చేసి, అంటే రాని బాకీగా రాసేసి, మొండిబాకీలు కొనే ఒక ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి అమ్మేశారట, ఇక అడగాల్సింది వాళ్లనట. లేని బర్రెను సంతలో అమ్మినట్టు, మోటర్ నర్సింహ చెయ్యని అప్పును ఒకరు అమ్మారు, ఒకరు కొన్నారు, ఇంకొకరు కమీషన్‌కు తోలుకొస్తున్నారు. ఒక్క అంకె తప్పు పడితే మూడు ఆఫీసులకు పని దొరికింది. తెలివిగల సర్కారైతే దీన్ని ఉపాధి పథకంలో కలుపుతుంది.

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను. ఆ తర్వాత వాళ్లు ఆడపిల్లకు ఫోన్ చేశారు.

మోటర్ నర్సింహ బిడ్డ పట్నంలో హాస్టల్‌లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఆ పిల్ల నంబరు ఎక్కడ దొరికిందో, ఎవరమ్మారో తెలియదు. పొద్దున ఏడు కాకముందే ఫోన్. మీ నాయిన దొంగ, ఎక్కడ దాచినవ్, నువ్వు కట్టు, లేకుంటే మీ కాలేజీకొస్తం. ఎత్తకపోతే ఇంకో నంబరు. ఆ నంబరు ఆపితే మరో నంబరు. తర్వాత తండ్రి ఫోటో పెట్టి, కింద చెప్పుకోలేని మాట రాసి, ఆ పిల్ల స్నేహితురాళ్లకు పంపారు. ఎవడు రాశాడా మాట? ఎవడి బాకీకి ఎవరి బిడ్డను అంటున్నావు? బాకీ నిజంగా ఆమె తండ్రిదే అయినా, పంతొమ్మిదేళ్ల పిల్లతో ఆ మాట అనే హక్కు నీకెవడిచ్చాడు? పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చెయ్యొద్దని, కుటుంబం జోలికీ స్నేహితుల జోలికీ పోవద్దని, నలుగురిలో పరువు తియ్యొద్దని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో రాసిచ్చింది. రాసిన కాగితం బ్యాంకులన్నింటి దగ్గరా ఉంది. ఏజెంటు చేసిన పనికి బాధ్యత బ్యాంకుదేనని కూడా అదే రిజర్వ్ బ్యాంకు అన్నది. బ్యాంకును అడిగితే, "అది థర్డ్ పార్టీ సార్."

ఈ ఆట మనం ఇదివరకే చూశాం. మైక్రోఫైనాన్స్ వాళ్లు ఆడవాళ్ల ఇళ్ల ముందు కూర్చుని వసూలు చేసిన రోజుల్లో ఉరితాళ్లు, పురుగుల మందు డబ్బాలు చూశాకే 2010 అక్టోబరులో వాళ్లకు కళ్లెం వేసే ఆర్డినెన్స్ వచ్చింది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వాళ్లు ఇలాగే ఫోటోలు పంపి మన రాష్ట్రంలో మనుషులను చంపారు. నేను చంపారనే అంటాను. ఫోన్ చేసే పిల్లవాడు డిగ్రీ చదివి పని దొరకక ఆ కుర్చీలో కూర్చున్నాడని నాకు తెలుసు, వాడికి టార్గెట్ ఉంటుందనీ తెలుసు. వాడి మీద కాదు నా కోపం. నెలాఖరుకు వసూలు అంకె అందితే చాలు, ఎట్లా వచ్చిందని అడగకుండా ఏసీ గదిలో కూర్చునే పెద్దమనుషుల మీద. ఎట్లా వచ్చిందో వాళ్లకు తెలుసు. తెలుసు కాబట్టే ఏజెన్సీని పెట్టుకున్నారు.

ఆ లోన్ రాలేదు. ఫీజుకు గడువు దాటుతుంటే మోటర్ నర్సింహ ఊళ్లో నూటికి మూడు రూపాయలకు తెచ్చి కట్టాడు. జన్మలో బాకీ ఎరుగని మనిషి, తనది కాని బాకీ మూలంగా నిజం బాకీదారు అయ్యాడు. రికార్డు ఇప్పుడు కొంతవరకు సరైనట్టే.

మళ్లీ గంభీరంగా మాట్లాడదాం. చట్టం లేదనకండి, ఉంది. 2005లోనే ఉంది. ఏడాదికొకసారి నాలుగు బ్యూరోలూ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుందని రాసిస్తే 30 రోజుల్లో తేల్చాలి, అందులో బ్యాంకు వాటా 21 రోజులు. గడువు దాటితే రోజుకు రూ. 100 చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమలులో ఉంది. వంద రూపాయలు! అడ్డా మీద నిలబడ్డ కూలీని వందకు పిలిస్తే మొహం తిప్పుకుంటాడు. ఒక మనిషి పరువు, బిడ్డ చదువు, షాపు మూసి తిరిగిన తిరుగుడు అన్నీ కలిపి రోజుకు వంద అని లెక్కగట్టినవాడెవడో గానీ, ఆయన చేత ఒక్కరోజు బోరు మోటరు చుట్టించాలని ఉంది.

గడువు దాటింది. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం. అనుమానం ఉంటే 14448కి ఫోన్ చెయ్యవచ్చు, అవతల మనిషి దొరుకుతాడు. పరిహారం జమ చెయ్యాలి, ఖాతా వివరాలు పంపండని బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది. ఆ కబురు హోటల్‌లో చదివి వినిపించాను. పాల నర్సింహ లేచి నిలబడ్డాడు.

"పేరు నాది గూడ అదే గదన్నా. నా అకౌంట్ నంబర్ రాయి."

"పుట్టిన తేది?" అన్నాడు కాకా.

"జనవరి ఒకటి."

"ఇగ అయితె రాయ్" అన్నాడు కాకా. "ఎవరికిచ్చినా క్లోజ్ అయితది."