పండుగ వస్తేనే పూడే గుంత

మా గల్లీ మొదట్లో, చెత్త బండి మలుపు తిరిగే చోట, పది నెలల పాటు ఒక గుంత ఉండేది. వాన పడితే బడి పిల్లలు గోడ పట్టుకుని నడిచేవారు. ఎండ కాస్తే స్కూటర్లు దాన్ని తప్పించబోయి ఎదురింటి అరుగుకు రాసుకునేవి. దాని గురించి మా గల్లీ నుంచి వేర్వేరుగా మూడు దరఖాస్తులు వెళ్లాయి. ఒకరు ఇచ్చిన సంగతి మరొకరికి తెలియదు. నేను ఇచ్చిన దరఖాస్తుకు ఒక నంబరు వచ్చింది, కొన్నాళ్లకు ‘పరిష్కరించబడింది’ అని ఫోనుకు సందేశం కూడా వచ్చింది, గుంత మాత్రం ఎక్కడికీ పోలేదు. నిరుడు సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు ఎవరూ అడగకుండానే ట్రాక్టరు వచ్చి కంకర పోసింది. ఆ సాయంత్రమే, ఎంతో కాలంగా ఆరిపోయి ఉన్న మూల స్తంభం మీద కొత్త దీపం వెలిగింది. మోరీ తీశారు, గడ్డి కోశారు, తెల్లటి ముగ్గు పొడి కూడా చల్లి వెళ్లారు.

మా ఊరి పేరు ఇక్కడ చెప్పడం అనవసరం. తెలంగాణలో ఏ పురపాలక పట్టణంలో ఉన్నవారికైనా ఈ అనుభవం కొత్త కాదు. వినాయక నిమజ్జనం దగ్గర పడితే ఊరేగింపు వెళ్లే దారిలో కిందికి వేలాడే తీగలు పైకి లేస్తాయి, అడ్డం వచ్చే కొమ్మలు తెగుతాయి. బోనాలకు ముందు గుడి వీధి కడిగిస్తారు. నేను పండుగలను తప్పు పట్టడం లేదు, ఆ పనులు చేసిన కార్మికులను అసలే తప్పు పట్టడం లేదు. వారు పండుగ పూట కూడా తమ ఇళ్లు వదిలి మన గల్లీలో ఉంటారు. నన్ను వేధిస్తున్న ప్రశ్న వేరు. పది నెలలు మూడు కాగితాలకు కదలని యంత్రాంగం ఒక్క బతుకమ్మకు ఎందుకు కదిలింది? భక్తి వల్ల అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ సాయంత్రం మూడు వందల మంది ఆడవాళ్లం ఒకే చోట, ఒకే రోడ్డు మీద ఉంటామని అందరికీ తెలుసు. గుంత ఉంటే అది అందరి కళ్లలోనూ ఒకేసారి పడుతుంది, మాటలు అక్కడికక్కడే మొదలవుతాయి, ఆ పూట వచ్చిన నాయకుడు తప్పించుకోలేడు. మూడు వందల మంది కలిసి చూసే గుంతకు ఉన్న విలువ, ముగ్గురు విడివిడిగా రాసుకున్న గుంతకు లేదు.

అసలు సంగతి ఇదే అనుకుంటాను. పట్టణంలో మనం అందరం ఒకచోట చేరేది పండుగకే కనుక, పనులు కూడా పండుగకే జరుగుతున్నాయి. మిగతా రోజుల్లో మనం కలిసే చోటే లేదు.

పల్లెలో ఉన్న మా అన్నయ్య నా కన్నా ఈ విషయంలో అదృష్టవంతుడు. రాజ్యాంగానికి 73వ సవరణ వచ్చినప్పుడు గ్రామసభ అనే మాట 243ఎ అధికరణంలోకి చేరింది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం ప్రతి రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. సభలు తూతూమంత్రంగా జరుగుతాయని, సగం సంతకాలు ఇళ్ల దగ్గరే తీసుకుంటారని నాకు తెలుసు. అయినా ఎనిమిది వందల మంది ఉన్న ఆ పల్లెలో ఒక ముసలాయన లేచి నిలబడి ‘మా వాడకట్టుకు పైపు ఎందుకు రాలే’ అని సర్పంచిని నలుగురి ముందు అడగగలడు, అలా అడగడం ఆయనకు చట్టం ఇచ్చిన హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. ప్రచారం కోసమే అనుకున్నా, అన్ని ఊళ్లలో జనం ఒక చెట్టు కిందనో బడి ఆవరణలోనో కూర్చున్నారు కదా. అదే రోజు పట్టణాల్లో ఉన్న మనకు కూర్చోవడానికి ఏ సభా లేదు. పల్లె నుంచి పట్టణానికి వచ్చినవాడు బస్టాండు దాటగానే, లేచి అడిగే ఆ హక్కును కూడా ఊళ్లోనే వదిలి వస్తున్నాడు.

పట్టణాలకు చట్టం ఏమీ చెప్పలేదా అంటే, చెప్పింది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ, మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. దాంతో చిన్న పట్టణాలు ఆ గీతకు బయటే ఉండిపోయాయి. పట్టణాల అభివృద్ధికి కేంద్రం తెచ్చిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం నిధులకు పెట్టిన షరతు కోసం ఉమ్మడి రాష్ట్రం 2008లో వార్డు కమిటీలకు, వార్డులో ఒక్కో ప్రాంతం ఓటర్లు కూర్చునే ఏరియా సభలకు పురపాలక చట్టాల్లో చోటు కల్పించింది. నిధులు వచ్చాయి, రోడ్లూ పైపులూ వచ్చాయి. ఏరియా సభ అనే మాట విన్నవారు మాత్రం మా కాలనీలో నాకు ఒక్కరూ కనిపించలేదు. తర్వాత తెలంగాణ పురపాలక చట్టం, 2019 ఇంకాస్త ముందుకు వెళ్లి ప్రతి వార్డులో నాలుగు కమిటీలు ఉండాలని రాసింది. యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, వృద్ధులకు ఒకటి, వార్డులో పేరున్న పౌరులకు ఒకటి, ఒక్కో కమిటీకి పదిహేను మంది. అంటే వార్డుకు అరవై మంది. పట్టణాలను శుభ్రం చేసి బాగుచేయడానికి రాష్ట్ర ప్రభుత్వం 2020 ఫిబ్రవరి 24న మొదలుపెట్టిన పట్టణ ప్రగతి పది రోజుల్లో ఈ కమిటీల పేర్లు జోరుగా వినిపించాయి. మా వార్డులో ఆ అరవై మంది ఎవరని నేను ఈ మధ్య అడగడం మొదలుపెట్టాను. అలా అడుగుతూ పోతే తేలిందేమిటంటే, మహిళా కమిటీలో నా పక్కింటి వదిన పేరు ఉందట. ఆమెకే తెలియదు.

ఇక సమావేశాలు అని పిలిచేవి ఎలా ఉంటాయో చెబుతాను. ఒక బుధవారం పగలు పదకొండు గంటలకు మా వార్డులో ‘అవగాహన సదస్సు’ అన్నారు. ఉద్యోగాలకు వెళ్లేవారు, కూలికి వెళ్లేవారు, బడి పిల్లలు ఆ వేళ ఎవరుంటారు? నలభై కుర్చీలు వేశారు, వెనుక పెద్ద ఫ్లెక్సీ కట్టారు, పొదుపు సంఘాల మహిళలను, ఆ సంఘాల పని చూసే రిసోర్స్ పర్సన్ ద్వారా ఫోన్లు చేసి పిలిపించారు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం గురించి ఒకరు చదివి వినిపించారు. ప్రశ్నల దగ్గరికి రాకముందే టీలు వచ్చాయి. అప్పుడు మా గల్లీ చివరి ఇంటి అవ్వ లేచి, ‘బిడ్డా, నల్లా ఏ రోజు వస్తదో, ఎన్ని గంటలకు వస్తదో చెప్తలేరు. రాత్రంత మేలుకొని ఉండాల్నా?’ అని అడిగింది. దానికి వచ్చిన సమాధానం, ‘అది వేరే సెక్షన్ అమ్మా, దరఖాస్తు రాసి ఇవ్వండి’ అని. అవ్వకు రాయడం రాదు. ఫోటో దిగేటప్పుడు ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టారు.

ఆ రోజు వచ్చిన ఉద్యోగి చెడ్డవాడు కాడు. ఆయన చేతిలో నీటి వేళలు లేవు, ఉన్నవారు అక్కడికి రాలేదు, అంతే. కానీ ఒక వార్డులోని మనుషులను ఒకచోట చేర్చి, నీటి పని చూసే లైన్‌మన్‌ను, చెత్త పని చూసే జవాన్‌ను, పన్ను వసూలు చేసే బిల్ కలెక్టర్‌ను వారి ముందు కూర్చోబెట్టకపోతే దాన్ని సభ అని ఎందుకనాలి? అది ఫ్లెక్సీకి జరిగిన ఆవిష్కరణ మాత్రమే.

కార్యాలయాలను దగ్గరికి తెస్తే చాలునని వాదించేవారున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలతో మొదలై పట్టణాల్లో వార్డు సచివాలయాలు వచ్చాయి. హైదరాబాద్‌లో 2023 జూన్ 16న అప్పటి 150 డివిజన్లకు వార్డు కార్యాలయాలు ప్రారంభించి, అన్ని విభాగాల సిబ్బందినీ ఒకే కప్పు కిందికి తెస్తామన్నారు. కలెక్టరేట్లలో సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఎప్పటి నుంచో ఉంది. ఇవన్నీ అవసరమే, ఒక సర్టిఫికెట్ కోసం జిల్లా కేంద్రం దాకా వెళ్లే శ్రమ తగ్గితే నేనూ సంతోషిస్తాను. అయితే కార్యాలయం కిటికీ దగ్గర మనిషి ఒంటరిగా నిలబడతాడు. అక్కడ అతడు చెప్పుకునేది తన ఇంటి నల్లా గురించి, తన ఇంటి ముందు దీపం గురించి. అదే మాట సభలో చెబితే, వెనుక వరుసలో కూర్చున్న మరో పదిమంది ‘మా దగ్గరా అంతే’ అంటారు. అప్పుడు అది ఒకరి గోడు కాకుండా గల్లీ సంగతి అవుతుంది. ఒక నల్లా పాడైందా, మొత్తం వాల్వే పాడైందా అన్నది కూడా అక్కడే తేలుతుంది. ఆ మూడు దరఖాస్తులు ఇచ్చిన మేము ముగ్గురం ముందే ఒకచోట కలిసి ఉంటే, ఒక్క కాగితం మీద ముప్ఫై సంతకాలతో వెళ్లేవాళ్లం.

సభ లేకపోవడం వల్ల జరిగే నష్టం ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. హక్కుగా వచ్చే సేవలు కూడా తెలిసినవారికే అందుతున్నాయి. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదన్న సంగతి తెలియక, తర్వాత తిరిగి తిరిగి అలసిపోయిన ఒక తల్లి మా గల్లీలోనే ఉంది. ఏప్రిల్‌లో ఏడాది ఇంటి పన్ను మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు ఇస్తూ వస్తున్నారు. అది వాడుకునేది ఎక్కువగా పేపరు చదివే ఇళ్లవారే. 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవారికి అనుమతి అక్కర లేదని, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే సరిపోతుందని 2019 చట్టం వచ్చినప్పుడు ఎంత ఘనంగా చెప్పారో నాకు గుర్తుంది. ఆ నిబంధన ఎవరి కోసం పెట్టారో ఆ బస్తీలోనే, ‘పర్మిషన్ ఇప్పిస్తాను’ అని డబ్బు తీసుకున్న మధ్యవర్తి నేటికీ గౌరవంగా తిరుగుతున్నాడు. అదే చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చెప్పింది. మా పార్కు గోడ వెంట నాటిన వాటిలో ఎన్ని బతికాయో లెక్కపెట్టడానికి అధికారి అక్కర లేదు, పొద్దున నడకకు వచ్చే ఎవరైనా చెప్పగలరు. కానీ వారిని అడిగే చోటు ఎక్కడ?

కాలనీ సంక్షేమ సంఘాలు ఉన్నాయి కదా అని మీరనవచ్చు. ఉన్నాయి, మా సంఘం వినాయకుణ్ణి బాగానే నిలుపుతుంది, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడుతుంది, ఆగస్టు 15న జెండా ఎగరేసి పిల్లలకు లడ్డూలు పంచుతుంది. చందాలో మాత్రం అందరూ సమానం, సభ్యత్వంలో కాదు. సంఘంలో ఓటు ఇంటి యజమానికే. మా కాలనీలో సగానికి సగం ఇళ్లలో అద్దెకున్నవారే ఉన్నారు. నీళ్లు రాకపోతే బిందె పట్టుకుని పరుగెత్తేది వారు, సమావేశానికి వచ్చి మాట్లాడేది మరో ఊళ్లో స్థిరపడి నెలకోసారి అద్దె కోసం వచ్చే యజమాని. గోడకు అవతల ఉన్న బస్తీ సంగతి ఇక చెప్పనే అక్కర లేదు. వారి పిల్లలు మన మండపంలో ప్రసాదం తినవచ్చు, మన సంఘం రిజిస్టరులో వారి పేరుకు చోటు లేదు. అందుకే వార్డు సభ పని కాలనీ సంఘాలకు అప్పగించి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. కేరళలో లక్ష లోపు జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు సభ అంటే ఆ వార్డు ఓటర్లందరూ అని చట్టంలోనే రాసుకున్నారు. అక్కడ ఇల్లు ఎవరిదని అడగరు.

మన వైపు తప్పు లేదని నేను అనను. 2020 జనవరిలో ఎన్నికైన మా పురపాలక పాలకవర్గం గడువు 2025 జనవరిలో ముగిసింది, ఆ తర్వాత ప్రత్యేకాధికారి వచ్చారు. ఆ అయిదేళ్లలో ‘కౌన్సిల్ సమావేశం ఎప్పుడు, అందులో మా వార్డు గురించి ఏం మాట్లాడారు’ అని నేను కౌన్సిలర్‌ను ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన కనిపించినప్పుడల్లా మా అమ్మాయి పెళ్లి కార్డు గురించో, ఎవరి ఆరోగ్యం గురించో మాట్లాడుకున్నాం. మా వాట్సాప్ గ్రూపులో తెల్లవారితే నూట యాభై మందికి శుభోదయాలు అందుతాయి. మోరీ పొంగిందని ఎవరైనా ఫోటో పెడితే దాని కింద నమస్కారం గుర్తులు వస్తాయి. ఆ నమస్కారం ఎవరికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను కోరుతున్నది కొత్త పథకమేమీ కాదు. గ్రామానికి ఉన్నట్టే వార్డుకూ రెండు నెలలకు ఒక సభ ఉండాలి. అది ముందే ప్రకటించిన తేదీన, సాయంత్రం వేళ, కార్యాలయంలో కాక వార్డులోనే జరగాలి. కిందటి సభలో ఎవరు ఏం అడిగారో, అందులో ఏ పని అయిందో, ఏది కాలేదో, ఎందుకు కాలేదో మొదట గట్టిగా చదివి వినిపించాలి. పని చూసేవారు ముందు వరుసలో ఉండాలి, నాయకులు వస్తే వెనుక కూర్చోవచ్చు. చీపురు పట్టే అక్కలను, చెత్త బండి నడిపే తమ్ముణ్ణి కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టాలి, ఎందుకంటే ఏ మోరీ ఎక్కడ మూసుకుపోతుందో ఇంజినీరు కన్నా వారికే బాగా తెలుసు.

అధికారులు పెట్టేదాకా ఆగకుండా, వచ్చే నెల రెండో ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు బతుకమ్మ ఆడే చోటే కూర్చోవాలని మా గల్లీ వాళ్లం అనుకున్నాం. కుర్చీలు, దరీలు మండపం పిల్లలు ఇస్తామన్నారు. అద్దె ఇళ్లకు, బస్తీకి వెళ్లి చెప్పే పని నేనూ, కమిటీలో ఉన్నానని ఈ మధ్యే తెలుసుకున్న మా వదినా తీసుకున్నాం. జవాన్ వస్తానన్నాడు, లైన్‌మన్ పై అధికారిని అడిగి చెబుతానన్నాడు. మాట్లాడాల్సిన వాటిలో మొదటిది నల్లా వేళలు, అవ్వ అడిగిన ప్రశ్న అడిగినట్టే కాగితం మీద రాసి పెట్టాం. రెండోది, కంకర లేచిపోయి మళ్లీ బయటపడుతున్న ఆ గుంత.