ఒత్తు పని బొటనవేలికి

'అన్నం' అని టైపు చేశాను. 'అన' వరకు సరిగ్గానే పడింది. దాని పక్కన, పొద్దున ఎప్పుడో కాపీ చేసుకున్న కరెంటు బిల్లు నంబరు వచ్చి అతుక్కుంది. చెరిపి మళ్లీ కొట్టాను, మళ్లీ అదే నంబరు. 'పిల్ల' అని కొడితే కొత్త ఖాళీ ఫైలు తెరుచుకుంది. 'అవ్వ' అన్నాక అక్కడి నుంచి అక్షరాలన్నీ బొద్దుగా మారాయి. 'కవిగారు' అన్నది 'కవఘారు' అయింది. రోజూ తెలుగులో అనువాదాలు చేసి బతికేవాడిని, నా కీబోర్డే నన్ను వెక్కిరిస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

భారతీయ భాషలకు ప్రమాణంగా ఉన్న కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేసేవారికి సంగతి ఈపాటికి అర్థమై ఉంటుంది. అందులో పొల్లు ఉండేది 'డీ' కీ మీద, ఒత్తు రావాలంటే రెండు హల్లుల మధ్య అది కొట్టాలి. 'న' ఉండేది 'వీ' మీద. అంటే 'న్న' రావాలంటే వీ, డీ, వీ. ఇక నేను చేసిన తెలివైన పని ఏమిటంటే, ఇంటర్నెట్‌లో అందరూ మెచ్చుకునే ఒక కీమ్యాప్‌ను, అంటే ఏ కీ ఏ పని చేయాలో చెప్పే పట్టికను, ఉన్నదున్నట్టు నా కొత్త మెకానికల్ కీబోర్డులోకి ఎక్కించడం. అందులో మధ్య వరుస కీలకు రెండేసి పనులు. తట్టి వదిలితే అక్షరం, కాసేపు నొక్కి ఉంచితే కంట్రోల్, షిఫ్ట్ వంటివి. డీ నొక్కి ఉంచితే కంట్రోల్, ఎఫ్ నొక్కి ఉంచితే షిఫ్ట్. తట్టడానికీ నొక్కి ఉంచడానికీ మధ్య గీత, కీబోర్డు లోపల నడిచే క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్‌లో మామూలుగా 200 మిల్లీసెకన్లు. నా వేలు పొల్లు మీద ఆ గీత దాటి ఒక్క క్షణం ఆగిందా, 'న్న' కాస్తా కంట్రోల్-వీ, అంటే కాపీ చేసినదాన్ని అతికించమనే ఆజ్ఞ. ఇంకేముంది, బిల్లు నంబరు ప్రత్యక్షం. ఎఫ్ మీద ఉండే గుడి దగ్గర ఆగితే తర్వాత రావలసిన 'గ' షిఫ్ట్ పడి 'ఘ' అవుతుంది. కవిగారు ఘనమయ్యారు కానీ గుడి పోగొట్టుకున్నారు.

ఆ కీమ్యాప్ రాసినవారిది తప్పు కాదు. ఆయన ఇంగ్లీషులో టైపు చేస్తాడు. ఇంగ్లీషులో డీ ఎన్నో అక్షరాల్లో ఒకటి. మనకు అది ప్రతి ఒత్తుకూ, ప్రతి ద్విత్వానికీ కావాలి. అమ్మ, అన్న, అక్క, అత్త, అవ్వ: ఇంటిల్లిపాదినీ పిలవాలంటే ఎడమచేతి మధ్యవేలే దిక్కు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికి ఆరు కీలు పడతాయి, అందులో రెండు అదే కీ. ఒత్తు కోసం ఒత్తి ఒత్తి ఆ వేలు సాయంత్రానికి మొద్దుబారుతుంది.

సలహాలకు కొదవ లేదు. గడువు పెంచు అన్నారు. 300కు పెంచాను. అప్పుడు నిజంగా కాపీ చేయాలంటే వేలు ఆనించి బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడవలసి వచ్చింది. ఆ తర్వాత కార్డల్ హోల్డ్ పెట్టుకోమన్నారు. రెండో కీ కూడా అదే చేతిదైతే అక్షరంగా తీసుకో, ఎదుటి చేతిదైతేనే కంట్రోల్ కావచ్చునని ఆలోచించు అనే నియమం అది. దానితో న్న, మ్మ, వ్వ బాగుపడ్డాయి. ల్ల, త్త, ప్ప, క్క మాత్రం అలాగే ఉన్నాయి. ఎందుకు బాగుపడతాయి? 1991 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 13194లోకి ఎక్కిన ఈ అమరిక అందమే అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతికి ఇవ్వడం. చేతులు మారుతూ ఉండటమే ఇక్కడ మామూలు నడక. చేయి మారితే అనుమానించే నియమం మన దగ్గర తలకిందులుగా పనిచేస్తుంది.

మధ్యలో ఇంకో పిచ్చి పని కూడా చేశాను. తెలుగు అక్షరాల యూనికోడ్ సంఖ్యలను, అంటే కంప్యూటర్లు ఒక్కో అక్షరాన్ని గుర్తుపట్టే నంబర్లను, నేరుగా ఫర్మ్‌వేర్‌లోనే పెట్టేద్దామనుకున్నాను. కీబోర్డుకు తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. ఫలానా నంబరు కీ నొక్కారని మాత్రమే అది చెబుతుంది, అక్షరమేదో నిర్ణయించేది కంప్యూటరు. కీబోర్డు చేతనే యూనికోడ్ పంపించాలంటే అది మనకు మారుగా అడ్డదారి మీటలు నొక్కి, అక్షరానికి నాలుగేసి అంకెలు టైపు చేయాలి. లినక్స్‌లో ఆ అంకెలు మెరిసి మాయమవుతుంటే చూడటం సరదాగానే ఉంది. రెండు పేరాలకే సరదా తీరిపోయింది.

చివరికి చేసింది ఇది. తెలుగుకు విడిగా ఒక లేయర్, అంటే అవే కీలకు ఇంకో వరస పనులు, పెట్టాను. అందులో మధ్య వరుసకు రెండో పనులు లేవు, ఉత్త అక్షరాలే. నాది రెండు ముక్కల కీబోర్డు, బొటనవేళ్ల కింద మూడేసి కీలు ఉన్నాయి. స్పేసు కుడి బొటనవేలికి వదిలేసి, ఎడమ బొటనవేలి కింద డీ పెట్టాను. పొల్లు ఇప్పుడు అక్కడ. శరీరంలోకెల్లా బలమైన వేళ్లలో ఒకటి స్పేసు కొట్టుకుంటూ కూర్చోవడం నాకెప్పుడూ అన్యాయంగానే కనిపించేది.

భాష మార్చడానికి మొదట ఒక్క మాక్రో, అంటే ఒక్క కీతో వరసగా కొన్ని మీటలు నొక్కే ఏర్పాటు, రాశాను. అది విండోస్ కీతో స్పేసు నొక్కి, లేయర్ కూడా మార్చేది. మౌసుతో ఒక్కసారి భాష మారిస్తే చాలు, రెండింటికీ పొత్తు చెడేది, ఎందుకంటే కంప్యూటరు ఏ భాషలో ఉందో కీబోర్డుకు తెలియదు. ఇప్పుడు రెండు వేరు కీలు. ఒకటి ఎప్పుడు నొక్కినా తెలుగే, రెండోది ఎప్పుడు నొక్కినా ఇంగ్లీషే. ఇదంతా సీ భాషలో ఇరవై పంక్తులు దాటదు. నాది ఆర్‌పీ2040 చిప్పు, బూట్ బటన్ నొక్కి కేబులు పెడితే పెన్‌డ్రైవులా కనిపిస్తుంది, ఫైలు అందులో వేస్తే పని అయిపోయింది.

దీనికి ముందు వాడిన కీబోర్డుకు మాక్రో రాయాలంటే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఖాతా తెరవాలి, ఈమెయిలు ఇవ్వాలి. తీరా చూస్తే ఆ మాక్రోలు కీబోర్డులో కాక కంప్యూటరులో ఉండేవి. ఆఫీసుకు పట్టుకెళితే అవి ఇంట్లోనే ఉండిపోయేవి. ఇప్పుడైతే నా పొల్లు చిప్పులోనే ఉండి, కేబులుతో పాటు నా వెంట వస్తుంది. వేరొకరి కీమ్యాప్ ఉన్నదున్నట్టు ఎక్కించుకుని నేను పడ్డ పాట్లు చూశారుగా, అందుకే ఎవరైనా నా కీమ్యాప్ ఫైలు అడిగితే ఇవ్వను. మీ చేయి ఎక్కడ తడబడుతుందో ఒక వారం కాగితం మీద రాసుకుని రండి, కూర్చుని కలిసి రాద్దాం అంటాను. సగం మంది మళ్లీ రారు.

దీనితో నాకొచ్చిన చిక్కల్లా వేరేవారి కంప్యూటర్ల దగ్గరే. మొన్న మా అక్క ల్యాప్‌టాప్‌లో ఒక ఆహ్వానం టైపు చేశాను. ఎడమ బొటనవేలు అలవాటుగా పొల్లు కోసం దిగింది, అక్కడ ఉన్నది స్పేసు. వెనక నిలబడి చదువుతున్న అక్క, "ఏమిటిది, 'అమ మ' అని రాశావు? అమ్మను రెండు ముక్కలు చేశావేమిటి?" అంది.