ప్రపంచ బాక్సింగ్‌ను నల్లగొండకే ఇవ్వాలి

పురుషుల ప్రపంచ అమెచ్యూర్ (అంటే డబ్బు కోసం కాకుండా ఆడే) బాక్సింగ్ పోటీలు 1974లో హవానాలో మొదలయ్యాయి. అప్పటి నుంచి ఎన్నో దేశాలు తిరిగాయి గానీ నల్లగొండ గడప తొక్కలేదు. ఇంత అన్యాయం జరుగుతుంటే మన నాయకులు ఒక్క ధర్నా అయినా చేయకపోవడం విచారకరం.

మనకున్న అర్హతలు తక్కువేం కాదు. ముందు తీర్పుల సంగతి. ఈ ఆటలో రింగు చుట్టూ ఐదుగురు జడ్జీలు కూర్చుంటారు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా కుర్రాడు రాయ్ జోన్స్ ఎదుటివాణ్ని మూడు రౌండ్లూ వాయించి, చివరికి 3-2తో ఓడిపోయాడు. 2016 రియో తర్వాత అక్కడ పనిచేసిన 36 మంది రెఫరీలను, జడ్జీలను విచారణ పేరుతో మొత్తంగా పక్కన పెట్టారు. మా భూమి పంచాయితీల పెద్దమనుషులను పిలిస్తే ఈ తలనొప్పి ఉండదు. పొద్దున చాయ్ దగ్గరే తీర్పు ఖాయమవుతుంది, వాదనలు తర్వాత తీరిగ్గా వినొచ్చు.

పేరుకు అమెచ్యూర్ అయినా 2023లో తాష్కెంట్‌లో జరిగిన ఈ పోటీల్లో బంగారు పతకానికి రెండు లక్షల డాలర్లు ఇచ్చారు. దీనికి మేం నోరు వెళ్లబెట్టం. మునుగోడు ఉప ఎన్నిక జరిగిన జిల్లా మాది, అభిమానానికి ఎంత ఖర్చవుతుందో తెలుసు.

ఇక సంఘాలు. అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం గుర్తింపును ఒలింపిక్ కమిటీ 2023లో రద్దు చేసింది. అదే ఏడాది వరల్డ్ బాక్సింగ్ అనే మరో సంఘం పుట్టింది. ఇప్పుడు ఎవరి పోటీలు వారివి, ఎవరి ప్రపంచ చాంపియన్ వారికి. బజారుకు రెండు వినాయకులను నిలబెట్టి, రెండు చందా బుక్కులు కొట్టించే మాకు ఇదేం వింత? నిమజ్జనం రోజు ఎవరి బండి ముందు పోవాలన్న దగ్గరే అసలు బాక్సింగ్.

బాక్సర్లు ఎక్కడున్నారని కొందరు గిట్టనివాళ్లు అడగొచ్చు. తాష్కెంట్‌లో 57 కిలోల విభాగంలో కాంస్యం గెలిచిన హుసాముద్దీన్ నిజామాబాద్ వాడు. మోకాలి గాయంతో సెమీస్ ఆడలేకపోయాడు గానీ పతకం పతకమే. నిఖత్ జరీన్‌దీ నిజామాబాదే. దక్షిణ తెలంగాణకు నీళ్లలోనే కాదు, గుద్దుల్లోనూ వాటా రాలేదన్నమాట. మా కుర్రాళ్లు యూరియా సంచిలో పాత బట్టలు కుక్కి, వేపకొమ్మకు కట్టి గుద్దుతుంటారు. కుట్లు ఊడినప్పుడల్లా లోపల్నుంచి ఎవరిదో లుంగీ అంచు బయటకొస్తుంది. దబ్బనంతో కుట్టి మళ్లీ మొదలు. గ్లౌజులు అడిగితే, ప్రారంభోత్సవానికి శాలువాలు, మెమెంటోలు కొన్నాక చూద్దామన్నారు. న్యాయమే, వరుస తప్పకూడదు కదా.

ఒక్క విషయంలో మాత్రం ప్రపంచమే మా దగ్గర నేర్చుకోవాలి. బాక్సర్లు బరువు తగ్గడానికి కడుపు మాడ్చుకుని, పోటీ రోజు పొద్దున్నే కాటా ఎక్కుతారు. ఆ కాటా మా వడ్ల కొనుగోలు కేంద్రంలో పెట్టిస్తే ఉపవాసాలతో పనిలేదు. 60 కిలోల మనిషిని ఎక్కిస్తే తరుగు తీసి 57 రాసిస్తారు, సంతకం కూడా అడగరు. చెమటతో వస్తే మాత్రం కష్టం. మిషన్ పెట్టి చూసి, “తేమ ఎక్కువున్నది, ఆరబోసుకొని రేపు రా” అంటారు. రేపొస్తే లారీ రాలేదంటారు.