దర్వాజ మీద చాయ్ పెట్టిన గల్లీకి

మహారాజశ్రీ క్రియేటివ్ గల్లీ గారి సముఖానికి,

భూదాన్ పోచంపల్లి నుంచి ఒక మగ్గం మనిషి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మరీ క్షేమంగా ఉన్నట్టు మొన్న ఆదివారం కళ్లారా చూసి వచ్చాను. హైదరాబాద్‌లో మీరు ఏ మూల ఉంటారో ఇందులో రాయను. రాస్తే ఇంకో వందమంది కెమెరాలతో దిగుతారు. బండి పెట్టుకోవడానికి ఇప్పటికే జాగా లేదు.

మా అమ్మాయికి ఆ ఊళ్లోనే ఉద్యోగం. "నాయినా, ఎప్పుడొచ్చినా చుట్టాల ఇళ్లేనా? ఈసారి ఎక్స్‌ప్లోర్ చేద్దాం" అంది. ఎక్స్‌ప్లోర్ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది. శని, ఆదివారాలు వచ్చాయంటే నేను మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం, ఎవరో ఒకరు గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి "అంకుల్, కెమెరా వైపు చూడకుండా కొంచెం నవ్వండి" అనడం మామూలే. మగ్గం మీద ఉన్నవాడు దేన్ని చూసి నవ్వాలో ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు. సరే, ఒక్కసారైనా నేనూ పోయి ఎవరి గుమ్మంలోనన్నా తల పెట్టి చూద్దామనిపించింది.

అమ్మాయి ముందు నన్ను నెక్లెస్ రోడ్డు పక్కన ఎం.ఎస్. మక్తాకు తీసుకుపోయింది. అక్కడ 2016లో ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. అది నాకు నచ్చింది, దాచుకోను. ఒక బొమ్మ ముక్కు మీదుగా తీగ కట్టి ఒకామె లుంగీలు ఆరేస్తోంది. అమ్మాయి ఫోన్ ఎత్తితే "ఏందమ్మా, లుంగీ తియ్యమంటవా?" అంది. అంది గానీ తియ్యలేదు. ఫొటోలో సగం బొమ్మ, సగం లుంగీ పడ్డాయి. గోడ వాళ్లది, ఎండ వాళ్లది, మధ్యలో మాదేముంది?

తర్వాత మీ దగ్గరికి వచ్చాం. మీ గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచినా ఆరేసిన బట్ట ఒక్కటీ కనపడలేదు. రంగులు ఉన్నాయి, బల్బులు ఉన్నాయి, "ఇక్కడ నిలబడండి" అని నేల మీద రెండు పాదాల గుర్తులు కూడా ఉన్నాయి. ఉండేవాళ్లు మాత్రం ఎవరూ ఉన్నట్టు లేరు. ఆటో అతన్ని అడిగితే, ముందు ఇక్కడ మెకానిక్ షెడ్డు, సైకిల్ షాపు, పిండి గిర్నీ ఉండేవన్నాడు. కిరాయి పెరిగితే పోయారట. సైకిల్ షాపు గుర్తుగా కాబోలు, గోడకు ఒక పాత సైకిల్‌ను వేలాడదీశారు. దగ్గరికి పోయి చూశాను. టైర్లు ఉన్నాయి, లోపల ట్యూబులు లేవు. ఈ మాట మీకు అర్థం కాదు గానీ, మా ఇండ్లల్లో పాత సైకిల్ ట్యూబు అంటే సరుకు. దాన్ని సన్నగా కోసి, రంగు ఎక్కకూడని చోట నూలుకు బిగించి చుడతాం. చిట్కి కట్టడం అంటాం. మీ సైకిల్ ట్యూబు ఎవరి చిట్కికి పోయిందో, దాని కింద ఏ పువ్వు తెల్లగా మిగిలిందో అని కాసేపు అక్కడే నిలబడ్డాను. అమ్మాయి నేను ఆర్ట్ చూస్తున్నాననుకుని ఫొటో తీసింది.

ఇక హోటల్ సంగతి. దాన్ని హోటల్ అనొద్దని అమ్మాయి రెండుసార్లు చెప్పింది. లోపల గోడకు ప్లాస్టరింగ్ లేదు, ఇటుకలు కనపడుతున్నాయి. మా తమ్ముడు డబ్బులు అయిపోయి ఇంటి గోడ అట్లాగే వదిలేశాడు. ఎనిమిదేళ్ల నుంచి పెళ్లిళ్లలో, చావుల్లో ఎవరు కలిసినా "ఇంకా పూయించలేదా?" అనే ముందు అడుగుతారు. వాడికి ఇక నుంచి ఏం జవాబు చెప్పుకోవాలో మీ గోడ చూశాక తెలిసింది. మీరు ఆ మేలు చేశారు, కాదనను.

కూర్చున్నాక చూస్తే టేబుల్ కాదది, దర్వాజ. టేకు తలుపు, పైన అద్దం పరిచారు. నాకు గుండె ఒక్కసారి దడదడలాడింది. ఎందుకంటే పాత పెంకుటిల్లు కూలగొట్టి స్లాబు వేసుకున్నప్పుడు మా దర్వాజను పాత సామాన్ల అతనికి అమ్మింది నేనే. 1,500 రూపాయలు. 1951లో వినోబా భావే వస్తే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఊరికే ఇచ్చిన ఊరు మాది. ఆ లెక్కన 1,500 అంటే గట్టి బేరమే చేశానని ఇన్నాళ్లూ మురిసిపోతున్నాను.

మా దర్వాజకు ఒక గుర్తు ఉంది. రెండో తరగతిలో నేను మేకుతో దాని మీద బర్రెను చెక్కాను. తోక ఎక్కడ పెట్టాలో తెలియక కింది దాకా గీశాను, ఐదు కాళ్ల బర్రె అయింది. నాయిన కొట్టిన దెబ్బ కూడా గుర్తుంది. పైన అద్దం కింద బర్రె లేదు. రెండో వైపున ఉంటుందేమోనని మెల్లగా టేబుల్ కిందికి దూరాను. "సార్, ఫోన్ పడిపోయిందా?" అని కుర్రాడొకడు వంగి చూశాడు. "బర్రె కోసం చూస్తున్న బిడ్డా" అన్నాను. అతను పోయి మేనేజర్‌ను పిలుచుకొచ్చాడు.

బర్రె లేదు. గొళ్లెం ఊడిన చోట తుప్పు మరక, పక్కన ఎవరో అతికించిన చూయింగ్ గమ్, ఇంకో మూల పెన్సిల్‌తో రాసిన పాల లెక్క. సోమవారం ఒక సేరు, మంగళవారం లేదు. మాది కాదు, మరొకరి ఇల్లు. బయటికి వచ్చాక ఊపిరి పీల్చుకున్నానా, చిన్నబోయానా అంటే చెప్పలేను. చాయ్ మాత్రం చల్లారింది. 220 రూపాయలు.

వెనక దిండు గుచ్చుకుంటుంటే తీసి చూశాను. ఇక్కత్. మేనేజర్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు కదా, "పోచంపల్లి హ్యాండ్లూమ్ సార్" అని నాకే చెప్పాడు. గలీబు జిప్పు తీసి లోపలి వైపు తిప్పాను. తెల్లగా పాలిపోయి ఉంది. మాది ముందు నూలుకు రంగు వేసి తర్వాత నేసేది. ఏ వైపు తిప్పినా ఒకటే తీరుగా కనపడుతుంది, పువ్వు అంచు కాస్త చెదిరి ఉంటుంది. ఇదేమో గీత గీసినట్టుంది, అచ్చు వేసిన బట్ట. కాబట్టి గల్లీ గారూ, మీ దర్వాజ అసలుది, మీ ఇక్కత్ నకిలీది. తలుపు కొనడానికి ఊళ్లన్నీ తిరిగే మనిషికి గజం బట్ట కోసం మా ఊరిదాకా రావడం ఎందుకు బరువైందో నాకు అర్థం కాలేదు. నలభై చిల్లర కిలోమీటర్లు, అంతే.

ఇట్లు,
టేబుల్ కింద దూరిన సార్

తా.క. మా అటక మీద ఒక ఆసు ఉంది, చిట్కి కట్టే ముందు నూలు చుట్టుకునే చట్రం. ఈ చివర ఒక మేకు, ఆ చివర సగం చందమామలా వరుసగా మేకులు. గోడకు భలే ఉంటుంది. దాని మీద మా అమ్మ చీరకు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించేది. ఆలేరు దిక్కు శారాజీపేట చింతకింది మల్లేశం తల్లి కష్టం చూడలేక 1999లో ఆసు మిషన్ చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి మిషన్ వచ్చిన రోజే అమ్మ ఆసును అటక ఎక్కించింది. మీకు అమ్ముదామా అని నిన్న అడిగాను. "ఊకెనే ఇచ్చెయ్‌రా, దాన్ని చూస్తేనే భుజం గుంజుతది" అంది. అమ్మది వినోబా కాలం. నేను ఊకెనే ఇవ్వను. మీ చాయ్ లెక్కన వంద కప్పులు కట్టండి, దిగి వచ్చి తీసుకుపోండి. గోడకు కొట్టాక దాని కింద ఏమని రాస్తారో మాత్రం నాకు ముందే చూపించాలి.