పత్తి విత్తనాల ప్యాకెట్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పత్తి విత్తనాల ప్యాకెట్ గారికి, వరంగల్ జిల్లా నల్లరేగడి రైతు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. గోదాములో మీరు కూడా క్షేమమని తలుస్తాను.

మృగశిర కార్తె దగ్గరపడింది కాబట్టి ఈపాటికి దుకాణాల్లో కొలువుతీరి ఉంటారు. తూకానికి అరకిలో కూడా ఉండరు గానీ, మీ కోసం ఊళ్లకు ఊళ్లే పొద్దున్నే బస్సెక్కి వస్తాయి. మీ ఒంటి మీద అచ్చేసిన కాయ మా చేలో ఏనాడూ కాయలేదు. ఆ కాయ పక్కన నవ్వుతూ నిలబడ్డ రైతుది ఏ ఊరో చెబితే వెళ్లి సంబంధం కలుపుకుంటాం. పత్తి చేలో అంత తెల్లటి బట్టలతో నిలబడగలిగినవాడి ఇంటికి పిల్లనిస్తే సుఖపడుతుంది.

మా ఊరి హోటల్ దగ్గర మీ గురించి ఎప్పుడూ రెండు పార్టీలు. పెద్ద కంపెనీలు లేకపోతే ఇంకా గోచీలతో తిరిగేవాళ్లమని ఒక పార్టీ. ఆ గోచీ కూడా ఊడదీసింది కంపెనీలేనని ఇంకో పార్టీ. తొలకరి పడగానే రెండు పార్టీలూ మీ దుకాణం ముందు ఒకే లైన్లో చెప్పులు, పాస్‌బుక్కులు పెట్టి, ఒకరి చెప్పులకు ఒకరు కాపలా కాస్తూ కనిపిస్తాయి. నువ్వే పార్టీ అని మీరడగొచ్చు. కొంచెం ఓపిక పట్టండి.

మీరు రాకముందు ఇక్కడ స్వర్గం ఉండేదనేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. 1997-98లో లద్దెపురుగు పడి మా జిల్లా పత్తి చేలు జల్లెడైపోయాయి. వారానికో మందు, మందుకో అప్పు, ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. రైతుల ఆత్మహత్యలతో వరంగల్ పేరు దేశమంతా తెలిసింది. ఆ మందులు తయారుచేసిందీ కంపెనీలే కదా అంటే, అది వేరే ఉత్తరం. ఈ కవరులో పట్టదు.

2002లో మీరు బీటీ పత్తి అనే పేరుతో దిగారు. అమెరికా కంపెనీ మోన్‌శాంటో వారి జన్యువు, మన దేశపు కంపెనీ మహికో వారి విత్తనం. మందు గింజలోనే ఉంది, కాయతొలిచే పురుగు కొరికితే చస్తుందన్నారు. మొదటి రకాలు మా దగ్గర నిలబడలేదు. మూడేళ్లకే ఆంధ్రప్రదేశ్‌లో వాటికి అనుమతి ఆగిపోయింది. తర్వాత వచ్చిన హైబ్రిడ్లు మాత్రం కాశాయి. కాయలేదంటే నా కళ్లు పోతాయి. పచ్చపురుగు మందుల ఖర్చు తగ్గింది. దేశంలో పండే పత్తి పదేళ్లలో రెట్టింపు దాటింది. మా ఊళ్లో కొన్ని ఇళ్లకు స్లాబులు పడ్డాయి, కొందరి పిల్లలు ఇంజినీరింగ్ చదివారు. ఇదంతా మీ ఒక్కరి పుణ్యమే కాదు, బోర్లున్నాయి, కరెంటుంది, కాలం కలిసొచ్చిన ఏళ్లున్నాయి. అయినా మీ వాటా మీకివ్వాలి.

ఇక ధర సంగతి. 2005 నాటికి మీరు 1,600 రూపాయలు దాటారు. అందులో గింజ విలువ కొంతే, ఎక్కువ భాగం జన్యువుకు కట్టే కప్పం. మీవాళ్లు దాన్ని మర్యాదగా ట్రెయిట్ వాల్యూ అన్నారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్యాన్ని విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్ గడప తొక్కింది. చైనాలో ఎంతో తక్కువ తీసుకుంటున్న కప్పం మా రైతు దగ్గర ఇంతెందుకు గుంజుతున్నారని అడిగింది. కమిషన్ తగ్గించమంది. రాష్ట్రం 750 దగ్గర గీత గీసింది. మీవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, స్టే దొరకలేదు.

అప్పుడు నాకు మీ మీద నిజంగా బెంగ పట్టుకుందండీ. సగానికి సగం కోసేస్తే పాపం కంపెనీ ఏమైపోవాలి, పరిశోధన ఎలా సాగాలి, శాస్త్రవేత్తల పిల్లల ఫీజులు ఎవరు కట్టాలి అని ఒకటే టెన్షన్. ఆ వానాకాలం దుకాణానికి వెళ్లి చూస్తే మీరు అదే ఫోటోతో, అదే నవ్వుతో 750కి కూర్చుని ఉన్నారు. కాస్తయినా చిక్కలేదు. చూస్తుండగానే ఆ జన్యువును లైసెన్సుకు తీసుకున్న కంపెనీలు నలభై దాటాయి. 2018లో జర్మనీ బేయర్ కంపెనీ 6,300 కోట్ల డాలర్లు పోసి మోన్‌శాంటోను కొన్నది. వరంగల్ రైతుకు ధర తగ్గించి దివాలా తీసిన కంపెనీ అయితే అంత పలకదు.

నేనే పార్టీయో ఇప్పుడు చెబుతాను. మేలుజాతి ఎద్దుకైనా ముకుతాడు ఉండాలనే పార్టీ. ఎద్దును తిట్టను, దున్నడానికి అదే కావాలి. పగ్గం ఎవరి చేతిలో ఉందన్నదే నా గొడవ. ఆ ఎంఆర్‌టీపీ చట్టాన్ని 2009లో రద్దు చేశారు. దాని స్థానంలో కాంపిటీషన్ కమిషన్ ఉంది. ఉండటం ఢిల్లీలో ఉంది.

పగ్గం పట్టాల్సిన సర్కారు వారి సామర్థ్యం కూడా వినండి. ప్రభుత్వ శాస్త్రవేత్తలు బికనేరి నెర్మా అని సొంత బీటీ పత్తి చేశారు. 2008లో దానికి అనుమతి వచ్చింది. దాని గింజ దాచుకుని మళ్లీ విత్తుకోవచ్చు, మీ దగ్గరికి రానక్కర్లేదు. మేం సంబరపడేలోపే అమ్మకం ఆపేశారు. పరీక్షిస్తే అందులో మోన్‌శాంటో జన్యువు బయటపడింది. సొంత విత్తనమని సర్కారు చూపిస్తే లోపలి నుంచి మీరే తొంగిచూశారు.

మీరు హైబ్రిడ్ కాబట్టి మీ పంటలో గింజ తీసి విత్తితే తల్లిలా రాదు. ఏటా మీ గడపకే రావాలి. సరే, వస్తాం. కానీ మీ పుట్టిల్లు ఏ అమెరికాలోనో ఉందని మా పిల్లలు అనుకుంటున్నారు, చెప్పరాదూ? మీలో చాలామంది పుట్టేది మా నడిగడ్డలోనే. గద్వాల చేలల్లో సాయంత్రం ఆడమొక్కల మొగ్గల నుంచి కేసరాలు గిల్లి, మర్నాడు పొద్దున్నే ఒక్కో పువ్వుకూ పుప్పొడి అద్దుతారు. ఆ పని మిషన్లు చేయవు, కూలీల వేళ్లు చేస్తాయి. అక్కడి నుంచి రైతుకూ కంపెనీకీ మధ్య ఉండే ఆర్గనైజర్, ఆ తర్వాత కంపెనీ, రంగుమందు పూత, ఫోటో, చివరికి మేము. జన్యువుకు కప్పం కట్టాం గానీ ఆ వేళ్లకు రాయల్టీ కట్టాలని ఏ కమిషన్ దగ్గరా ఎవరూ అడగలేదు.

2006లోనే రెండు జన్యువులతో బోల్‌గార్డ్-2గా అవతారం మార్చారు. గులాబీ రంగు పురుగు కొన్నేళ్లలో దాన్నీ అరిగించుకుంది. తప్పెవరిదని అడిగితే కంపెనీ మావైపు వేలు చూపిస్తుంది. పురుగు బీటీకి అలవాటు పడకుండా, అది తినడానికి మీతోపాటు ఇచ్చిన 120 గ్రాముల నాన్‌బీటీ గింజలను, అంటే ఆ జన్యువు లేనివాటిని, చేను చుట్టూ విత్తలేదట. నిజమే, చాలామంది గట్టున పారేశారు. రెండెకరాలున్నవాడు పురుగుల కోసం అన్నసత్రం నడపాలంటే ఆ నష్టం ఎవరు భరిస్తారో ప్యాకెట్ మీద రాయలేదు. కరపత్రం లోపల పెట్టాం కాబట్టి మా బాధ్యత తీరిందన్నారు. ఆ కరపత్రంలోని అక్షరాలను చదవగలిగే చూపు మా ఊళ్లో పురుగుకు తప్ప ఎవరికీ లేదు.

ఇప్పుడు మీ ధరను కేంద్రమే నిర్ణయిస్తోంది. జన్యువు కప్పాన్ని 2020లో సున్నా చేశారు. 2025లో బోల్‌గార్డ్-2 ప్యాకెట్ గరిష్ఠ ధర 901. వినడానికి బాగుంది. పేరున్న రకం అడిగితే దుకాణదారు ముందు పైకప్పు వైపు చూస్తాడు, తర్వాత లింకు పెడతాడు. ఆ రెండు ప్యాకెట్లు కావాలంటే ఎవరూ కొనని రకం ఒకటి, దాంతోపాటు జింకు డబ్బా ఒకటి తీసుకోవాలి. బిల్లు అడిగితే ఆ డబ్బా కూడా లేదంటాడు.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. మీరు సీలు వేయించుకుని వస్తారు. చించేదాకా లోపల ఏముందో తెలియదు, చించాక వాపసు లేదు. మొలక శాతం అచ్చులో ఉంటుంది, చేలో ఉంటే మా అదృష్టం. మేము అదే పత్తిని ఎనుమాముల మార్కెట్‌కు పట్టుకెళ్తే బస్తాలో చెయ్యి పెట్టి పీకి చూస్తారు, మిషన్ గుచ్చుతారు, తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనే సర్కారు సంస్థ సీసీఐ ముఖం తిప్పుకుంటుంది. 2025-26కి పొడుగు పింజ మద్దతు ధర క్వింటాలుకు 8,110 అని పేపర్లో పెద్ద అక్షరాలతో వేశారు. బస్తాల దగ్గరికి వచ్చేసరికి ఆ అక్షరాలు తేమకు తడిసిపోయాయి. అదే ఏడాది ఆగస్టులో బట్టల మిల్లుల కోసం విదేశీ పత్తి మీద 11 శాతం సుంకం కూడా కొన్నాళ్లపాటు ఎత్తేశారు. గుచ్చే మిషన్ మాకే ఎందుకండీ? మీ సంచికి కూడా ఒకటి కనిపెట్టలేరా, ఇంత పరిశోధన చేసినవాళ్లు?

ఇంకో సంగతి. 1934లో నిజాం వరంగల్‌లో పెట్టించిన ఆజంజాహీ బట్టల మిల్లు చివరికి సర్కారు చేతిలోనే మూతపడింది. ఇప్పుడు గీసుగొండ వైపు మెగా టెక్స్‌టైల్ పార్కుకు కేరళ, కొరియా కంపెనీలు వచ్చాయి. రానివ్వండి. మా ఆడపిల్లలకు పని దొరికితే మేమే దండలు వేస్తాం. దండ వేసిన చేత్తోనే జీతం చిట్టీ, పీఎఫ్ నంబరు అడుగుతాం, కోపగించుకోవద్దని మీ బంధువులకు చెప్పండి.

మీకు నా విన్నపం పెద్దదేమీ కాదు. ఈసారి బిల్లుతో రండి. లాట్ నంబరు కళ్లకు కనిపించేలా రండి. మొలవకపోతే ఎవరికి ఫోన్ చేయాలో, ఎన్నాళ్లలో డబ్బు ఇస్తారో ఆ నవ్వే రైతు ఫోటో స్థానంలో తెలుగులో అచ్చేయించుకుని రండి. అంతవరకు మీ ఖాళీ సంచిని బిల్లుతో సహా దాచుకోమని వ్యవసాయాధికారి చెప్పాడు కాబట్టి దాస్తూనే ఉంటాను.

ఇట్లు,
ఎకరాకు రెండు చొప్పున మిమ్మల్ని మోసుకెళ్లే
ఒక పత్తి రైతు

తా.క.: ఈ ఉత్తరం నకలు దుకాణదారుకు కూడా ఇచ్చాను. చదివి మడిచి జేబులో పెట్టుకుని, దీనికి లింకు ఏం పెట్టావన్నా అని అడిగాడు.